అమ్మిన పిమ్మట కూడా అమ్మినవానిదేనా?
(పాత వీడియో ఆటల క్రయవిక్రయాలపై ఆంక్షలు – ఒక పరిశీలన)

వస్తువును వెల చెల్లించి కొన్నవాడు దానికి యజమాని అవుతాడనీ, యజమాని అయినవాడు దానిని తన ఇష్టానుసారం వాడుకొనవచ్చుననీ, స్నేహితునికి ఎరువు ఇవ్వవచ్చుననీ, అవసరం తీరిన పిమ్మట మరొకరికి అమ్ముకొనవచ్చుననీ అందరూ ఎరిగిన సంగతే. ఎద్దును కొన్న రైతు గాని, సైకిలు కొన్న గుమాస్తా గాని, పాఠ్యపుస్తకం కొన్న విద్యార్థి గాని తిరిగి అమ్మబోయేటప్పుడు మొదట అమ్మినవాని అనుమతికై ఎదురుచూడడు. హైదరాబాదులో కోఠీ దుకాణాలలోను, ఆదివారాలు ఆబిడ్స్ కాలిబాటల మీదను సాగే పాత పుస్తకాల బేరమంతా ఈ నమ్మకం మీదనే నిలిచి ఉన్నది. ఇంత సామాన్యమైన సూత్రం ఒక వస్తువుకు వర్తిస్తుందా లేదా అని కొన్ని దశాబ్దాలుగా దేశదేశాల న్యాయస్థానాలలో వాదోపవాదాలు జరుగుతున్నవి. ఆ వస్తువు వీడియో ఆట.

ఆటల సంగతి కళాశాల సంచికలో ఎందుకని పెద్దలు కొందరు ప్రశ్నింపవచ్చు. ఆట మీద మాకు ప్రత్యేకమైన మక్కువ ఏమీ లేదు. కాని ఆట డిస్కు విషయంలో నిన్న జరిగినది నేడు పాఠ్యపుస్తకం విషయంలో జరుగుతున్నది. రెండింటి వెనుక ఉన్న తర్కం ఒక్కటే. అది ఆటల చరిత్రలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది గనుక అక్కడి నుండి మొదలుపెట్టుట సమంజసమని తోచినది.

ఇంటి టెలివిజనుకు కలుపుకొని ఆడే ఆటలు తొలుత ప్లాస్టిక్ కాట్రిడ్జిలలోను, తరువాత డిస్కులలోను అమ్ముడయ్యేవి. అమెరికాలో ఒక్కొక్క కొత్త ఆట వెల చాల కాలం అరవై డాలర్ల వద్ద ఉండి, 2020 తరువాత డెబ్బదికి పెరిగినది. మన దేశంలో కొత్త ఆట కొనవలెనన్న నాలుగైదు వేల రూపాయలు చెల్లించవలసి ఉంటుంది. ఇంత వెల పెట్టి కొన్న ఆట కథ ముగియగానే చాలమందికి దానితో పని తీరిపోతుంది. అప్పుడు దానిని దుకాణంలో ఇచ్చి కొంత సొమ్ము గాని, మరొక ఆట గాని తీసుకొనుట పరిపాటి. దుకాణదారుడు ఆ పాత ప్రతిని కొంత లాభం వేసుకొని వేరొకరికి అమ్ముతాడు. అమెరికాలో గేమ్‌స్టాప్ వంటి సంస్థలు ఈ పాత ఆటల బేరం మీదనే పెద్ద వ్యాపారాన్ని నిర్మించుకొన్నవి. కొత్త ఆటపై దుకాణానికి మిగిలేది స్వల్పం. పాత ఆటపై మిగిలేది అధికం.

ఆట తయారుచేసిన సంస్థకు ఈ రెండవ అమ్మకంలో చిల్లిగవ్వ కూడా రాదు. వారి కడుపుమంట అక్కడ ఉన్నది. వారి వాదాన్ని తేలికగా తోసివేయుట న్యాయం కాదు. ఒక పెద్ద ఆటను తయారుచేయుటకు వందలమంది చిత్రకారులు, రచయితలు, గణకశాస్త్రజ్ఞులు సంవత్సరాల తరబడి శ్రమిస్తారు. పాత పుస్తకానికి అంచులు నలుగుతవి, అట్ట ఊడుతుంది, పుటలలో ఎవరో గీతలు గీస్తారు. ఆ మేరకు పాత పుస్తకం కొత్త పుస్తకంతో పోటీపడలేదు. ఆట డిస్కు అట్లు కాదు. గీతలు పడకుండా భద్రపరచినచో పదవ యజమాని కూడా మొదటి యజమాని చూచిన ఆటనే చూస్తాడు. కాబట్టి పాత ప్రతి ప్రతియొక్కటీ ఒక కొత్త ప్రతి అమ్మకాన్ని తినివేస్తున్నదని తయారీదారులు వాదిస్తారు.

ఈ వాదంలో ఒక లోపం ఉన్నది. రేపు సగం వెలకు అమ్ముకొనవచ్చునన్న ధైర్యంతోనే నేడు చాలమంది పూర్తి వెల చెల్లిస్తారు. ఆ ధైర్యం లేకపోయినచో కొందరు కొననే కొనరు. పాత ఆట ఇచ్చి పొందిన సొమ్ము కూడా తరచుగా మరొక కొత్త ఆటకే వ్యయమవుతుంది. పైగా, పాత ప్రతి కొన్న పేద విద్యార్థి అది దొరకనినాడు కొత్తది కొనేవాడని అనుకొనుట అతని జేబు తెలియనివారి మాట.

ఇక న్యాయశాస్త్రం ఏమన్నదో చూతము. అమ్మిన వస్తువుకు షరతుల ముడి వేసి పంపవచ్చునా అన్నది వీడియో ఆటలకంటె మిక్కిలి పాతదైన ప్రశ్న. 17వ శతాబ్దంలో ఆంగ్ల న్యాయకోవిదుడు ఎడ్వర్డ్ కోక్ తన వ్యాఖ్యాన గ్రంథంలో గుర్రాన్ని ఉదాహరణగా తీసుకొన్నాడు. తనకు గల హక్కునంతటినీ ఇచ్చివేస్తూ, ‘నీవు దీనిని మరొకరికి ఇవ్వరాదు’ అని షరతు పెట్టినచో ఆ షరతు చెల్లదని ఆయన తీర్పు. ఆశ్చర్యకరమైన విషయమేమనగా, హనఫీ ధర్మశాస్త్రాన్ని అనుసరించి తుర్కీ సుల్తానుల ప్రభుత్వం 1869 నుండి 1876 వరకు సంకలనం చేయించిన ‘మజల్లా’లో కూడా దాదాపు ఇదే దృష్టాంతం కనబడుతుంది. ‘మరొకరికి అమ్మరాదు’ అన్న షరతుతో ఒక పశువును అమ్మినచో అమ్మకం చెల్లుతుంది, షరతు మాత్రం చెల్లదని దాని 189వ అధికరణం చెప్పుచున్నది. కోక్‌కు గుర్రం, మజల్లా కర్తలకు పశువు! అయితే ఆ అధికరణం ఇరుపక్షాలలో ఎవ్వరికీ ప్రయోజనం లేని షరతులను గూర్చినది. ఆట అమ్మినవానికి మాత్రం షరతు వలన లాభం ఉన్నది గనుక పోలిక పూర్తిగా అతకదని ఫిఖ్హ్ చదివిన మిత్రులు ఆక్షేపింపవచ్చు. ఆ ఆక్షేపణ సరియైనదే. మేము చెప్పదలచినది అమ్మకం అంటే ఏమిటన్న భావన ఎంత ప్రాచీనమో, ఎంత విశాలమో సూచించుట మాత్రమే.

ఇచ్చట భాషాసంబంధమైన ఒక చిన్న ముచ్చట. ఉర్దూలో ‘ఖరీద్’ అనగా కొనుగోలు. అదే మాట తెలుగులోనికి వచ్చి ‘ఖరీదు’ అయి, వెల అన్న అర్థాన్ని తెచ్చుకొన్నది. ‘షరతు’, ‘కిరాయి’ కూడా ఆ దారినే వచ్చినవి. మన రెండు భాషలలోను కిరాయికి తెచ్చుకొన్నవాడు వేరు, ఖరీదు చేసినవాడు వేరు. నేటి వివాదమంతా ఈ రెండు మాటల నడుమనే తిరుగుచున్నది.

గ్రంథస్వామ్యం విషయంలో ఈ సూత్రాన్ని స్థాపించిన తీర్పు అమెరికా సుప్రీంకోర్టు 1908లో ఇచ్చినది. బాబ్స్-మెరిల్ అనే ప్రచురణసంస్థ ‘ది కాస్టవే’ అనే నవలలో, ఒక డాలరుకు తక్కువగా అమ్ముటకు ఏ వర్తకునికీ అనుమతి లేదని అచ్చువేసినది. న్యూయార్కులోని మేసీ దుకాణం యజమానులు దానిని 89 సెంట్లకే అమ్మినారు. ప్రచురణకర్త దావా వేసి ఓడిపోయినాడు. ప్రతులు ముద్రించే హక్కు నీది. ముద్రించి అమ్మిన ప్రతి మాత్రం కొన్నవానిది అన్నది ఆ తీర్పు సారాంశం. దీనినే ‘తొలి అమ్మకపు సిద్ధాంతం’ అంటారు. మరుసటి ఏడే అది అమెరికా శాసనంలో చేరినది.

వీడియో ఆటల మీద ఈ సిద్ధాంతానికి అసలైన పరీక్ష జపానులో జరిగినది. ఆటల పరిశ్రమలో అది ప్రముఖమైన దేశం గనుక అది సహజమే. పాత ఆటలు అమ్మే దుకాణాలకు, ఆటల సంస్థలకు నడుమ 1990 దశకంలో వ్యాజ్యాలు చెలరేగినవి. జపాను శాసనంలో చలనచిత్రాలకు మాత్రమే ప్రత్యేకమైన పంపిణీ హక్కు ఒకటి ఉన్నది. సినిమా రీళ్లు ఒక హాలు నుండి మరొక హాలుకు ఎవరి అనుమతితో పోవలెనో నిర్ణయించుటకు ఏర్పడిన హక్కు అది. తెర మీద బొమ్మలు కదలుచున్నవి గనుక వీడియో ఆట కూడా చలనచిత్రమేననీ, కావున పాత ప్రతుల అమ్మకాన్ని ఆపే అధికారం తమకున్నదనీ సంస్థలు వాదించినవి. 1999లో టోక్యో జిల్లా న్యాయస్థానం దుకాణాల పక్షాన తీర్పు చెప్పినది. అదే ఏడు ఒసాకా న్యాయస్థానం సంస్థల పక్షాన చెప్పినది. ఒకే దేశంలో, ఒకే ఏట, ఒకే ప్రశ్నకు రెండు సమాధానాలు! 2001లో రెండు నగరాల హైకోర్టులు దుకాణాల వైపే మొగ్గినవి. చివరకు 2002 ఏప్రిల్ 25న జపాను సుప్రీంకోర్టు విషయాన్ని తేల్చినది. ఆట చలనచిత్రం వంటిదే, పంపిణీ హక్కు కూడా ఉన్నదే. కాని ఇంటిలో వాడుకొనుటకు ప్రజలకు అమ్మిన ప్రతిపై ఆ హక్కు మొదటి న్యాయమైన అమ్మకంతోనే తీరిపోతుందని నిర్ణయించినది. వస్తువులు నిరాటంకంగా చేతులు మారుట సమాజానికి అవసరమనీ, కర్తకు రావలసిన ప్రతిఫలం మొదటి అమ్మకంలోనే లభించినదనీ, ఒకే ప్రతిపై రెండుసార్లు లాభం తీసుకొనే అవసరం లేదనీ న్యాయమూర్తులు కారణాలు చూపినారు. ఈ విషయంపై మేము ఎరిగిన తీర్పులలో ఇంత సూటియైనది మరొకటి లేదు.

అద్దె సంగతి వేరు. 1990లో అమెరికా కంప్యూటరు ప్రోగ్రాములను వ్యాపారంగా అద్దెకిచ్చుటను నిషేధించినది. అద్దెకు తెచ్చుకొన్నవారు నకలు తీసుకొని తిరిగి ఇచ్చివేస్తున్నారన్న ఫిర్యాదే దానికి హేతువు. అయితే ఆట యంత్రాలలో ఆడే ఆటలకు ఆ శాసనం మినహాయింపు ఇచ్చినది. కాట్రిడ్జికి నకలు తీయుట ఆనాడు సామాన్యునికి సాధ్యం కాకపోవుటయే అందుకు కారణం.

న్యాయస్థానాలలో గెలువలేనిదానిని సంస్థలు యంత్రంలోనే సాధింపబూనినవి. కథలోని అసలు మలుపు ఇదే. 2010లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ ‘ఆన్‌లైన్ పాస్’ అనే పద్ధతి ప్రవేశపెట్టినది. కొత్త ఆట పెట్టెలో ఒక రహస్యసంఖ్య ఉంచేవారు. అది ఒక్కసారి మాత్రమే పనిచేసేది. పాత ప్రతి కొన్నవాడు ఇతరులతో కలిసి ఆడవలెనన్న మరల పది డాలర్లు చెల్లించి తన సంఖ్యను తాను కొనుక్కొనవలెను. డిస్కు అమ్మకాన్ని ఎవరూ నిషేధించలేదు. డిస్కులోని సగం సారాన్ని మాత్రం మొదటి యజమానికే కట్టివేసినారు. కొనుగోలుదారుల నిరసన నడుమ ఆ సంస్థయే 2013లో దానిని విరమించుకొన్నది.

అదే 2013లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఎక్స్‌బాక్స్ వన్ అనే కొత్త యంత్రాన్ని ప్రకటించుచు, జూన్ మొదటి వారంలో కొన్ని నిబంధనలను వెల్లడించినది. యంత్రం ఇరవై నాలుగు గంటలకు ఒకసారి అంతర్జాలంతో మాట్లాడి తీరవలెను. పాత ఆటను ఇచ్చిపుచ్చుకొనుటకు సంస్థ ఒప్పుకొన్న దుకాణాలే శరణ్యం. అది కూడా ఆట ప్రచురణకర్త అనుమతించిననే. స్నేహితునికి ఉచితంగా ఇచ్చివేయదలచినచో, ఆ స్నేహితుడు కనీసం ముప్పది దినాలుగా మీ జాబితాలో ఉండవలెను. ఒక ప్రతిని ఒక్కసారి మాత్రమే అట్లు ఇవ్వవచ్చును. స్నేహానికి కూడా కాలపరిమితి నిర్ణయించిన ఘనత బహుశా ఈ నిబంధనకే దక్కవలెను. కొద్ది దినాలకే, జూన్ 10న, పోటీసంస్థ సోనీ తన ప్లేస్టేషన్ 4లో ఇట్టివేవీ లేవని ప్రకటించి, ‘స్నేహితునితో ఆటను పంచుకొనుట ఎట్లు’ అని అర నిమిషం కూడా లేని చిత్రాన్ని విడుదల చేసినది. అందులో ఒకడు డిస్కును మరొకని చేతిలో పెడతాడు, అతడు కృతజ్ఞత చెబుతాడు, అంతే. జూన్ 19న మైక్రోసాఫ్ట్ తన నిబంధనలన్నింటినీ ఉపసంహరించుకొన్నది.

ఈ విజయాన్ని చూచి పాత ఆటల బేరం నిలిచినదని చాలమంది సంతోషించినారు. వాస్తవానికి అది వేరొక మార్గాన కరగిపోవుచున్నది. డిస్కే లేనప్పుడు దేనిని అమ్ముతారు? 2004లో వాల్వ్ సంస్థ ‘హాఫ్-లైఫ్ 2’ అనే ఆటను విడుదల చేసినప్పుడు, దుకాణంలో డిస్కు కొన్నవారు సైతం దానిని స్టీమ్ అనే తమ సేవలోని వ్యక్తిగత ఖాతాకు కట్టుకొనవలసి వచ్చినది. ఖాతాను అమ్ముట నిషిద్ధం. కాబట్టి చేతిలో డిస్కు ఉన్నను అది ఖాళీ పెట్టెతో సమానం. జర్మనీలో వినియోగదారుల సంఘం దీనిపై దావా వేయగా, డిస్కు అమ్ముకొనే హక్కును ఎవరూ కాదనలేదు, ఖాతాను బదిలీ చేయవలసిన బాధ్యత మాత్రం సంస్థకు లేదని ఆ దేశపు అత్యున్నత సివిలు న్యాయస్థానం 2010లో తీర్పిచ్చినది. ఇట్టి తీర్పును చదివినప్పుడు, ఇల్లు నీదే, తాళంచెవి మాత్రం మాది అన్నట్లు తోచక మానదు.

2020లో వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కు డిస్కు పెట్టే చోటు అసలు లేదు. ప్లేస్టేషన్ 5ను డిస్కు ఉన్నదిగా, లేనిదిగా రెండు విధాల అమ్మినారు. 2024లో వచ్చిన దాని ఖరీదైన రకం, ప్లేస్టేషన్ 5 ప్రో, డిస్కు పరికరం లేకుండానే వస్తున్నది. కావలసినవారు దానిని విడిగా కొనుక్కొనవలెను. 2025 జూన్‌లో విడుదలయిన నిన్‌టెండో స్విచ్ 2కు కొన్ని ఆటలు ‘గేమ్-కీ కార్డు’ రూపంలో అమ్ముచున్నారు. కార్డులో ఆట ఉండదు, ఆటను అంతర్జాలం నుండి దింపుకొనుటకు తాళంచెవి మాత్రం ఉంటుంది. అయినను ఆ కార్డును తిరిగి అమ్ముకొనవచ్చుననుట కొంతలో కొంత మేలు.

దింపుకొన్న ప్రతికి తొలి అమ్మకపు సిద్ధాంతం వర్తించునా అన్న ప్రశ్నకు ఐరోపాలో వచ్చిన సమాధానాలు చిత్రమైనవి. 2012లో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం ఆరకిల్ సంస్థకు సంబంధించిన వ్యాజ్యంలో, కాలపరిమితి లేకుండా వాడుకొనే హక్కును ఏకమొత్తం సొమ్ముకు ఇచ్చినచో దానిని లైసెన్సు అని పిలిచినను అది అమ్మకమేననీ, తన వద్దనున్న ప్రతిని పనికిరాకుండా చేసి కొన్నవాడు దానిని మరల అమ్ముకొనవచ్చుననీ చెప్పినది. ఎంతో ఆశ కలిగించిన తీర్పు ఇది. అదే న్యాయస్థానం 2019 డిసెంబరులో ఎలక్ట్రానిక్ పుస్తకాల విషయానికి వచ్చేసరికి కుదరదన్నది. దింపుకొన్న పుస్తకం ఎంత వాడినను పాతబడదు గనుక పాతప్రతుల బేరం రచయితలకు మరింత హాని చేస్తుందని దాని అభిప్రాయం. వీడియో ఆట ఈ రెండింటిలో దేని పంక్తిలో కూర్చోవలెను? ఫ్రాన్సులో ఒక వినియోగదారుల సంఘం స్టీమ్‌పై వేసిన దావాలో 2019లో పారిస్ న్యాయస్థానం వినియోగదారుల పక్షాన నిలిచినది. 2022లో అప్పీలు న్యాయస్థానం దానిని కొట్టివేసినది. 2024లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం కొట్టివేతనే ఖాయం చేసినది. ఆట కేవలం ప్రోగ్రాము కాదు, బొమ్మలు, సంగీతం, కథ కలిసిన సంకీర్ణ కృతి అన్నది అక్కడి తర్కం.

కిరాయిదారుని కష్టం ఎట్టిదో 2024లో అందరికీ తెలిసివచ్చినది. యూబిసాఫ్ట్ సంస్థ 2014లో అమ్మిన ‘ది క్రూ’ అనే ఆటకు ఆధారమైన సర్వర్లను ఆ ఏడు మార్చి 31న మూసివేసినది. డిస్కు కొన్నవారి వద్ద డిస్కు ఉన్నది, ఆట మాత్రం లేదు. దీనిపై ఐరోపాలో మొదలైన పౌరుల విజ్ఞాపనకు 2025లో పది లక్షలకు పైగా సంతకాలు చేరినవి. కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఒక శాసనం చేసి, ఇచ్చేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా తెలుపకుండ ‘కొనండి’ అన్న మాటను ఇట్టి సరకులకు వాడరాదని నిర్దేశించినది; 2025 జనవరి 1 నుండి అది అమలులోనికి వచ్చినది. హక్కును అది ఇవ్వలేదు, మాటను మాత్రం సరిదిద్దినది. ఖరీదును ఖరీదనీ, కిరాయిని కిరాయనీ పిలువవలెనని ఒక ప్రభుత్వం శాసింపవలసి వచ్చుట ఈ కాలపు విడ్డూరం.

మన దేశపు కాపీరైటు శాసనం 1957 నాటిది. దాని 14వ విభాగం ప్రకారం పుస్తకం వంటి రచనలో ఒకసారి అమ్మిన ప్రతి ‘చెలామణిలో ఉన్న ప్రతి’గా పరిగణింపబడుతుంది, దానిపై రచయితకు మరల పంపిణీ హక్కు లేదు. కంప్యూటరు ప్రోగ్రాముల విషయంలో 1994 సవరణ, ముందెప్పుడైన అమ్ముడయినదా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా అమ్మే హక్కు కర్తదేనన్నది. అనగా పాతప్రతి అమ్మకాన్ని ఆపే ఆయుధం సంస్థల చేతికి ఇచ్చినది. 1999 సవరణ ఆ మాటలను తొలగించినది. చలనచిత్రాల విషయంలో అవే మాటలు 2012 సవరణ వరకు నిలిచి ఉన్నవి. 2021 మార్చి 2న మన సుప్రీంకోర్టు ఒక పన్ను వివాదంలో తీర్పు చెప్పుచు, ప్రోగ్రాము ప్రతిని కొని యథాతథంగా మరొకరికి అమ్మే పంపిణీదారుడు కాపీరైటును వినియోగించుకొన్నట్లు కాదని వివరించినది. ఆ తీర్పు ఆటలను గూర్చినది కాదు. అయినను డిస్కు రూపంలో న్యాయంగా కొన్న అసలు ప్రతిని తిరిగి అమ్ముకొనే విద్యార్థి పక్షాన్ని అది బలపరచునని మా అభిప్రాయం. నకలు ప్రతుల సంగతి వేరు. అది దొంగ సరకు, దానికి ఈ వాదాలేవీ రక్షణ కావు.

ఇప్పుడు పాఠ్యపుస్తకానికి వద్దాము. అమెరికాలో చదువుకొన్న కిర్త్‌సాంగ్ అనే థాయ్‌లాండ్ విద్యార్థి, అక్కడ అధిక వెల ఉన్న వైలీ సంస్థ పుస్తకాలను స్వదేశంలో బంధువులచేత చౌకగా కొనిపించి తెప్పించుకొని, అమెరికాలో అమ్మి చదువుకు సొమ్ము సమకూర్చుకొన్నాడు. సంస్థ దావా వేసినది. 2013లో అమెరికా సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల ఆధిక్యంతో విద్యార్థి పక్షాన్ని సమర్థించినది. విదేశంలో ముద్రించినదైనను న్యాయంగా కొన్న ప్రతి కొన్నవానిదేనని తేల్చినది. అయితే అచ్చుపుస్తకానికి దొరకిన ఈ రక్షణ, పుస్తకంతో కూడ ఒకే విద్యార్థి పేర పనిచేసే రహస్యసంఖ్య వచ్చినప్పుడు ఏమవుతుంది? అభ్యాసాలు, పరీక్షలు ఆ సంఖ్య వెనుకనే ఉన్నప్పుడు, పైతరగతి విద్యార్థి వద్ద సగం వెలకు తీసుకొన్న పుస్తకం ‘ఆన్‌లైన్ పాస్’ లేని పాత ఆట వంటిదే కదా! పాశ్చాత్య విశ్వవిద్యాలయాలలో ఇట్టి పుస్తకాలు సర్వసాధారణం.

గ్రంథాలయాల విషయంలో కళాశాల కమిటీ వారు గమనింపవలసినది ఒకటి ఉన్నది. బీరువాలో ఉన్న పుస్తకం ఎన్నిసార్లు ఎవరికి ఎరువు ఇచ్చినను ప్రచురణకర్త ప్రశ్నింపలేడు. ఆ స్వేచ్ఛకు మూలం ఈ తొలి అమ్మకపు సూత్రమే. ఎలక్ట్రానిక్ పుస్తకాలకు మాత్రం ఏటేటా చందా కట్టవలసిన ఒప్పందాలే ఎక్కువ. చందా ఆగిననాడు బీరువా ఖాళీ. ఒప్పందంపై సంతకం చేయుటకు ముందు, చందా నిలిచిన పిమ్మట అంతవరకు సొమ్ము చెల్లించిన సంచికలు మనకు మిగులునా, ఒక్కసారి ఎందరు చదువవచ్చును, అచ్చు తీసుకొనుటకు అనుమతి ఉన్నదా అన్న మూడు సంగతులను వ్రాతపూర్వకంగా అడిగి తెలుసుకొనవలెను. కొన్ని ప్రచురణసంస్థలు, ముఖ్యంగా పరిశోధన పత్రికల విషయంలో, చెల్లించిన సంవత్సరాల సంచికలపై శాశ్వత హక్కును ఇచ్చుటకు అంగీకరిస్తవి. అడిగినవారి ఒప్పందంలోనే అది చేరుతుంది.